విప్పిన గోడ

పెళ్ళాం చేతిలో తాపీ చూసేసరికి మేస్త్రి గుండె గుభేలుమంది. తనదేమోనని ముందు భుజానికి వేలాడుతున్న సంచీ తడుముకున్నాడు. తనది తన దగ్గరే ఉంది. మరి ఆవిడ చేతిలోది ఎవరిది? చిన్నది, ఆకులా కోసుగా ఉంది, అంచులు అరిగి తళతళలాడుతున్నాయి. దాన్ని పట్టుకుని ఆవిడ సముద్రపు గట్టు మీద గొంతుక్కూర్చుని, నేల మీది మట్టిని మెల్లమెల్లగా తనవైపు గీక్కుంటోంది.

"ఒసే! ఆ తాపీ ఎక్కడిదే?"

ఆవిడ తల ఎత్తలేదు. "మేడం ఇచ్చింది."

"నీకా?"

"కాదు, మన పక్కింటావిడకి. పని చేస్తున్నది నేనైతే ఇంకెవరికిస్తుందయ్యా?"

మొగుడూ పెళ్ళాలు ఎప్పుడూ కలిసే పనికి పోతారు. గోడ కట్టేది అతను, సిమెంటో మట్టో కలిపి తట్టతో అందించేది ఆవిడ. సాయంత్రం అతని తాపీ కడిగి తుడిచిపెట్టేదీ ఆవిడే. కానీ దాంతో ఒక్క రాయి మీద ఇంత మట్టి మెత్తిన పాపాన పోలేదు. అలాగని ఎవరూ శాసనం చెయ్యలేదు. తాపీ పట్టినవాడు మేస్త్రి, తట్ట ఎత్తేది ఆడమనిషి. ఏ పనిలో చూసినా ఇదే తంతు కాబట్టి ఎందుకని ఎవరూ అడగరు. ఇప్పుడు బడి ప్రహరీ గోడ మొదలయ్యేదాకా చేతిలో పని లేని ఈ వారంలో, రోజూ పొద్దున్నే ఎటు పోతోందో చూద్దామని వెనకే వస్తే, ఈవిడ తాపీ పట్టుకుని దర్జాగా కూర్చుని ఉంది!

"మీరు అమ్మగారి ఆయనా? రండి రండి, ఆ దారం మాత్రం తొక్కకండి," అంటూ ఒకమ్మాయి లేచి వచ్చింది. వెడల్పు టోపీ, ఎండకు కమిలిన ముక్కు, మోకాళ్ళ దగ్గర మట్టి కొట్టుకుపోయిన ప్యాంటు. మ్యూజియం నుంచి ఎవరో మేడం వచ్చిందని ఊళ్ళో విన్నాడు, ఈవిడేనన్నమాట. మేస్త్రి పెద్ద కూతురి ఈడు ఉంటుంది, అంతే.

గట్టు మీద నాలుగు మూలలా మేకులు దిగేసి దారం కట్టారు. దారం లోపల, మోకాలి లోతు గుంటలో, అర్ధచంద్రాకారంగా ఒక రాతి గోడ బయటపడి ఉంది. మిగతా సగం లేదు. గట్టు అక్కడితో తెగిపోయింది. కింద సముద్రం.

"ఇది ఇల్లండీ," అంది మేడం. "ఇనుమూ రాగీ ఏదీ తెలియని రోజుల్లో కట్టుకున్నది. గుండ్రంగా ఉండేది. సగం సముద్రం పట్టుకుపోయింది. పోయిన తుఫానుకి గట్టు విరిగి పడితేనే మనకి కనిపించింది."

"మిగతా సగమో?"

"వచ్చే పౌర్ణమి పోటుకి అదీ పోతుంది. అడ్డంగా గోడ కట్టమని ఆఫీసువాళ్ళని అడిగాం. ఇక్కడ కడితే నీళ్ళు పక్కకి మళ్ళి అటువైపు ఇళ్ళ మీద పడతాయన్నారు. ఆ మాటా నిజమే. అందుకే చేతులున్న వాళ్ళందరినీ రమ్మని పిలిచాం. పోయేలోగా ఎంత తెలుసుకోగలిగితే అంత."

పిలుపు విని వచ్చినవాళ్ళు ఓ పదిమంది ఉన్నారు. కుట్టుపని చేసే అక్కచెల్లెళ్ళు జల్లెడ పడుతున్నారు. మెడలో కెమెరా వేసుకున్న పెద్దాయన బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. ఎవరైనా తప్పు చోట అడుగు వేయబోతే కుడికాలు నేలకేసి నొక్కి "ఆగాగు!" అంటాడు కాబట్టి అందరూ ఆయన్ని బ్రేకు అంటారు. ఆయన కూడా పిలిస్తే పలుకుతాడు.

మేస్త్రి ఇవేవీ పట్టించుకోవడంలేదు. అతని కళ్ళు గోడ మీద పడ్డాయి, ఇంక అక్కడినుంచి రావడంలేదు. బల్లపరుపు రాళ్ళు, వరస మీద వరస. మధ్యలో మట్టి. కింది రెండు రాళ్ళ అతుకు మీద పై రాయి కూర్చుంది. అతుకు మీద అతుకు ఎక్కడా పడలేదు. కదలకుండా సందుల్లో చిన్న చిన్న రాళ్ళు దూర్చారు.

"ఓరి వీడి దుంపతెగ!" అన్నాడు పైకే. "సుత్తీ ఉలీ లేకుండా ఎలా కట్టాడే వీడు?"

"వీడెవరు?" అంది పెళ్ళాం.

"వీడే. దీన్ని కట్టిన మేస్త్రి." వంగి, ఒక కన్ను మూసి గోడ వాలు చూశాడు. "భేష్. పనిమంతుడే. కానీ ఇదిగో, ఎడమ కొసన పొట్ట వచ్చింది చూడు. ఇక్కడ చెయ్యి తప్పాడు."

"కుడి కొసన కూడా అలాగే ఉబ్బింది. రెండు వైపులా తప్పుతాడా? కావాలనే పెట్టాడేమో."

"నువ్వు నీ మట్టి చూసుకో," అన్నాడు మేస్త్రి. పనిలో రోజూ అనే మాటే. ఆవిడ మట్టి చూసుకుంది.

ఇంటికి పోయేదాకా అతను అక్కడే ఉన్నాడు. రాళ్ళు ఎక్కడివని అడిగాడు. పైకప్పు దేనితో వేశారని అడిగాడు. లోపల మనిషి నిటారుగా నిలబడగలడా, పొయ్యి ఎక్కడ, పొగ ఎటు పోయేది? మేడం కొన్నిటికి చెప్పింది, కొన్నిటికి తెలియదని ఒప్పుకుంది. చదువుకున్న మనిషి అంత సులువుగా తెలియదనడం మేస్త్రికి వింతగా అనిపించింది, బాగా కూడా అనిపించింది. మర్నాడు పెళ్ళాం ఇంకా జడ వేసుకుంటూ ఉండగానే చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"ఎక్కడికో?" అంది ఆవిడ, నవ్వు ఆపుకుంటూ.

"నువ్వెక్కడికో అక్కడికే. చాల్లే, పద పద."

మేడం అతనికి తట్టతో మట్టి ఎత్తిపోసే పని ఇచ్చింది. పెళ్ళాం గీకి పోగు పెడుతుంటే అతను ఎత్తి జల్లెడ దగ్గరికి మోశాడు. కుట్టుపని అక్కచెల్లెళ్ళు ఇది చూసి ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు. అతనికి అదేం పట్టలేదు. గోడ పక్కనుంచి పోవడానికి దొరికిన సందు చాలు. పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి ఆ ఎడమ కొస ఉబ్బుని చూస్తున్నాడు. ఉబ్బు కింద నుంచి కొన్ని రాళ్ళు జారి నేల మీద అడ్డదిడ్డంగా పడి ఉన్నాయి. గోడలో రాయి ఊడి ఉంటే చూస్తూ ఊరుకునే ప్రాణం కాదు అతనిది. పళ్ళ సందున ఏదో ఇరుక్కున్నట్టు ఒకటే సలుపు.

ఆ మధ్యాహ్నం చినుకులు పడ్డాయి. అందరూ క్యారేజీలు తీసుకుని ఇసుకదిబ్బ అవతలి టార్పాలిన్ కిందికి పోయారు. "మీరు తినండి, నాకు ఆకలిగా లేదు," అన్నాడు మేస్త్రి.

వాళ్ళు తినివచ్చేసరికి ఎడమ కొస ఉబ్బు లేదు. గోడ కొస నుంచి కొసదాకా ఒకే వంపున, చక్కగా, చూడముచ్చటగా నిలబడి ఉంది. కింద పడ్డ రాళ్ళన్నీ గోడెక్కి కూర్చున్నాయి. మేస్త్రి పైవరస మీద తన రసమట్టం పెట్టి, బుడగ నడిమధ్యకి వచ్చిందా లేదా చూసుకుంటున్నాడు. వాన నీళ్ళు మొహం మీద కారుతున్నా తుడుచుకోకుండా నవ్వాడు.

"చూశారా మేడం? పాపం, ఎన్నాళ్ళనుంచి అలా పడి ఉందో. చిటికెలో పని."

మేడం గుంట అంచున చతికిలబడింది. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. బ్రేకు కుడికాలు నొక్కడం కూడా మరిచిపోయి నోరు వెళ్ళబెట్టాడు.

"ఏమైంది?" అన్నాడు మేస్త్రి. పెళ్ళాం వైపు చూశాడు. ఆవిడ తల కొట్టుకుంది.

"మేస్త్రిగారూ," అంది మేడం. గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేదనిపించింది అతనికి. "అవి ఎలా పడ్డాయో, ఏది ముందు పడిందో, దేని కింద ఏముందో, అదండీ మనకి కావాల్సింది. గోడ బాగుండటం కాదు. ఆ వైపు ఇంకా బొమ్మ గియ్యలేదు. రేపు గీద్దామనుకున్నాను."

అప్పుడు తెలిసింది అతనికి, తను ఏం చేశాడో. "అయ్యో! ఎలా ఉన్నవి అలాగే పెట్టేస్తా మేడం. నాకు గుర్తుంది. రాయి చూస్తే మరిచిపోతానా? ఒక్కొక్కటీ గుర్తుంది!"

పెట్టాడు కూడా. గోడ మీదివి దించి, ఇది ఇలా పడి ఉంది, ఇది బోర్లా, ఇది దాని మీద ఏటవాలుగా అనుకుంటూ, కళ్ళు మూసి తెరిచి, ఒక్కొక్కటే సర్దాడు. చివరికి లేచి నిలబడి, "ఇంతే. వెంట్రుకవాసి తేడా లేదు," అన్నాడు.

బ్రేకు ఆ పొద్దున్న ఊరికే తీసిన ఫోటో ఒకటి ఉంది. దూరం నుంచి తీసింది, సగానికి అడ్డంగా ఎవరిదో భుజం ఉంది. అయినా ఆ కొస కొంచెం కనిపిస్తోంది. కెమెరా తెచ్చి చూపించాడు. మేస్త్రి ఒకసారి ఫోటో చూశాడు, ఒకసారి నేల చూశాడు. మళ్ళీ చూశాడు. కనిపించిన రాళ్ళలో సగానికి సగం తప్పు. బోర్లా అనుకున్నది వెల్లకిలా ఉంది. అన్నిటికన్నా పెద్దది అసలు ఆ చోటే కాదు. తన చేతులు, తన కళ్ళు! పని చూసి జనం మెచ్చుకునే చేతులు. పడిన రాళ్ళని అవి చూడనే లేదు. వాటిని ఎక్కడ పెట్టాలా అని మాత్రమే చూశాయి. అతనికి తల కొట్టేసినట్టయింది.

మేడం ఎర్ర రిబ్బను తెచ్చి ఆ కొస చుట్టూ కట్టింది. "ఈ ముక్క ఇంక లెక్కలోకి రాదు," అంది. "ఇది ఏం చెప్పినా నమ్మడానికి లేదు. పోనివ్వండి. మిగతాది ఉందిగా."

పోనివ్వండి అన్న మాటే రాత్రి భోజనం దగ్గరా చెవిలో జోరీగలా తిరిగింది. ఎన్ని వేల ఏళ్ళు ఉందో తెలియని గోడ, ఎవరి జోలికీ పోకుండా ఉన్న గోడ, తన ఒక్క పూట పెద్దరికానికి పనికిరాకుండా పోయింది.

"నువ్వైనా చెప్పాల్సింది," అన్నాడు పెళ్ళాంతో.

"నువ్వు నన్నడిగి ఎప్పుడు రాయి పెట్టావు?" అంది ఆవిడ. అన్నం వడ్డించి తన పని తను చూసుకుంది.

ఇంక పోకూడదనుకున్నాడు. పొద్దున్న లేచి ఒక గంట అలా మంచం మీదే కూర్చున్నాడు. కానీ వాడెవడో కుడి కొసన కూడా ఎందుకు పొట్ట పెట్టాడన్నది తేలలేదు కదా. సిగ్గు కన్నా ఆ తేలనిదే ఎక్కువ పీకింది. ఆవిడ వెళ్ళిన కాసేపటికి తనూ వెళ్ళి, ఎవరి మొహమూ చూడకుండా తట్ట అందుకున్నాడు. ఎవరూ ఏమీ అనలేదు. బ్రేకు మాత్రం "బండి స్టార్టయిందా?" అన్నాడు.

ఆ రోజూ మర్నాడూ లోపలి నేలంతా తేలింది. పొయ్యి దొరికింది. నాలుగు రాళ్ళు నిలువుగా పాతి, మధ్యలో ఎర్రగా కాలిన మట్టి. పెళ్ళాం దాని చుట్టూ బ్రష్‌తో తుడుస్తుంటే గవ్వలూ చేపల ఎముకలూ బయటపడ్డాయి. ఒక్కొక్కటి తీసినప్పుడల్లా ఆవిడ "అమ్మో, ఇది చూడండి!" అని కేక పెట్టేది. ఎండలో ఆవిడ మొహం చూస్తే చిన్నపిల్లలా ఉందనిపించింది మేస్త్రికి. ఇంటి దగ్గర ఎప్పుడూ అంత గట్టిగా మాట్లాడగా అతను వినలేదు.

ఈలోపు సముద్రం కూడా పని చేస్తోంది. ప్రతి పోటుకీ గట్టు అంచున ఇంత మట్టి ముద్ద ముద్దగా జారి నీళ్ళలో పడుతోంది. పౌర్ణమి దగ్గరపడింది. మేడం అందరినీ పిలిచి కూర్చోబెట్టింది.

"నేల అయిపోయింది. ఇంక మిగిలింది గోడే. అది ఎలా కట్టారో, కింద ఏముందో తెలియాలంటే గోడ విప్పాలి. పైవరస నుంచి పునాది దాకా."

"విప్పడమంటే?" అన్నాడు మేస్త్రి.

"తీసెయ్యడం."

"కూల్చడమా!" లేచి నిలబడ్డాడు. "మేడం, తప్పు చేశాను, ఒప్పుకున్నాను. రిబ్బను కట్టారు, నోరెత్తలేదు. కానీ ఇది అన్యాయం. ఉన్నది సగం ఇల్లు. సముద్రం దాన్ని కూల్చబోతోందని మనమే ముందుగా కూలుస్తామా? కట్టిన వాడు ఎంత కష్టపడి ఉంటాడు? నేను కట్టేవాణ్ణి. పలుగు పట్టి కూల్చడం నా వల్ల కాదు. మీకు చేతనైతే మీరు చేసుకోండి."

"మీరే చెయ్యాలి," అంది మేడం.

"నేనా? మొన్న నేను చేసిన ఘనకార్యం మర్చిపోయారా?"

"లేదు. అందుకే మీరు చెయ్యాలంటున్నాను. ఇక్కడ ఏ రాయి ముట్టుకోవాలన్నా భయపడేది ఇప్పుడు మీరొక్కరే."

అతను విసవిసా నడిచి గట్టు చివరిదాకా పోయాడు. అక్కడ నిలబడి సముద్రాన్ని తిట్టాడు, ఆఫీసువాళ్ళని తిట్టాడు, ఇంకెవరూ దొరక్క తన్నుతాను తిట్టుకున్నాడు. పెళ్ళాం వెనకే వచ్చింది. చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని, పక్కన నిలబడింది.

"ఆ కుడి పక్క ఉబ్బులో ఏముందో చూడాలని లేదా నీకు?"

"ఉంది."

"మరి? మనం చూడకపోతే సముద్రం చూస్తుంది. చూసి వచ్చి మనకి చెప్తుందా?"

మేస్త్రి ముక్కు చీదాడు. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "నీ నోటికి నేనెప్పుడు సమాధానం చెప్పాను గనక," అంటూ వెనక్కి తిరిగాడు.

గోడ విప్పడం కట్టడం కన్నా కష్టమని ఆ రోజే తెలిసింది అతనికి. కట్టేటప్పుడు రాయి నీ మాట వింటుంది. విప్పేటప్పుడు నువ్వు దాని మాట వినాలి. ముందు ప్రతి రాయికీ ఒక చీటీ, దాని మీద అంకె. బ్రేకు పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి ఫోటో తీస్తాడు. తర్వాత మేస్త్రి రెండు చేతులూ రాయి కిందికి పోనిచ్చి, అది ఎటు ఊగుతుందో చూసి, ఎటూ ఊగకపోతే ఆగి, పక్క సందులోని చిన్న రాయిని వేలితో కదిపి చూసి, అప్పుడు ఎత్తుతాడు. ఎత్తిన రాయిని అదే పక్క పైకి ఉండేలా పలక మీద పెట్టాలి. కింద మట్టి కనిపిస్తుంది. ఆ మట్టి పెళ్ళాం పని. తాపీతో పొర పొరగా తీసి డబ్బాలో వేస్తుంది.

ఎత్తిన కొద్దీ వాడు అర్థమవుతున్నాడు. కిందివి బరువు, పైవి తేలిక. ప్రతి రాయీ బయటివైపుకి కొంచెం వాలి ఉంది, వాన నీళ్ళు లోపలికి దిగకుండా. "తెలివైనవాడే!" అంటున్నాడు మేస్త్రి. "చూశావటే, వాడు ఇక్కడ చిన్న రాయి చాలక రెండు దూర్చాడు. నాకూ ఇలాగే అవుతుంది." మధ్యమధ్య వాడితోనే మాట్లాడుతున్నాడు. "ఏవయ్యా, ఇక్కడెందుకు తొందరపడ్డావు? సాయంత్రమయిందా? చలి వేసిందా?" పెళ్ళాం ఒకసారి సందులోని చిన్న రాయి తీయబోతే చేత్తో ఆపాడు. "దాన్ని ముట్టుకోకు. అది మేస్త్రి రాయి. రాయి పెట్టి, అరచేత్తో ఊపి చూసి, ఏ సందు వదులో తెలిసినవాడే అది దూరుస్తాడు. గోడంతా ఎవరు అందించినా సరే, అది మాత్రం ఇంకొకరి చేత పెట్టించడు."

"నాకు తెలీదా?" అంది ఆవిడ. "పక్కన నిలబడి చూస్తూనే ఉన్నాగా ఇన్నేళ్ళనుంచీ."

కుడి కొస ఉబ్బు విప్పేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. బయటికి కనిపించే మొహం రాయి ఎత్తగానే వెనకాల చీకటి. గోడ మందంలో చిన్న గూడు! లోపల నాలుగు పక్కలా పలక రాళ్ళు. చక్కటి గూడు, చెయ్యి మోచేతిదాకా పడుతుంది. అడుగున ఇసుక, ఇసుకలో నున్నగా అరిగిన ఒక నల్లరాయి, ఒక రంధ్రం పొడిచిన గవ్వ. మేడం బోర్లా పడుకుని టార్చి వేసి చూసి, కేక పెట్టి, అక్కడికక్కడే మళ్ళీ కేక పెట్టింది. జల్లెడ దగ్గరివాళ్ళు పరుగెత్తుకొచ్చారు. ఇంట్లోవాళ్ళు దాచుకున్న వస్తువులు! ఎవరు దాచారు, ఎవరికి కనబడకూడదని, మళ్ళీ తీసుకోవడం ఎందుకు మరిచిపోయారు? అందరూ ఒక్కసారే మాట్లాడుతున్నారు.

మేస్త్రి మాత్రం ఎడమ కొస చూస్తున్నాడు, ఎర్ర రిబ్బను చూస్తున్నాడు. అక్కడా ఉబ్బు ఉండేది. అక్కడా గూడు ఉండే ఉంటుంది. తను చక్కబెట్టే హడావుడిలో పై రాళ్ళు లోపలికి నెట్టి, ఖాళీలో చేతికందిన రాయి కూరి, మట్టి కొట్టాడు. ఇప్పుడు విప్పి చూసినా, లోపల ఏది ఎలా ఉండేదో ఇంక ఎవరికీ తెలియదు. మేడం అతని చూపు ఎటుందో గమనించింది. అతని భుజం తట్టి పనిలోకి పోయింది. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తువ్వాలు ఎక్కడ పెట్టాడో కనబడలేదు.

పౌర్ణమి రోజు ఊరి జనం చాలామంది చూడ్డానికి వచ్చారు. అప్పటికి గోడ రెండు వరసలే మిగిలింది. కొంతమందికి అది నచ్చలేదు. "ఆ మిగిలిందైనా ఉంచకూడదూ?" అన్నాడొక పెద్దమనిషి గొడుగు పట్టుకుని. "చూడ్డానికి గుర్తుగా ఉంటుంది. మీకు చేతులెలా వస్తున్నాయండీ?"

మేస్త్రి రాయి ఎత్తుతున్నవాడల్లా ఆగాడు. "మొన్న నేనూ ఇదే అన్నానండి. నిలబెట్టి ఉంచితే ఇది గోడే. విప్పితేనే ఇల్లు." అని, రాయి పలక మీద దించాడు. అదే పక్క పైకి ఉందో లేదో రెండుసార్లు చూసుకున్నాడు.

మధ్యాహ్నానికి పోటు మొదలైంది. గట్టు కింద అలలు ధడేల్మని కొట్టుకుంటున్నాయి. జల్లెడలు, డబ్బాలు, కెమెరా పెట్టెలు అన్నీ వెనక్కి మోశారు. అట్టడుగు వరసలో, నేలలోకి దిగి ఉన్న రెండు పెద్ద రాళ్ళు మిగిలాయి. మొదటిదాన్ని మేస్త్రీ బ్రేకూ కలిసి పలుగుతో ఎత్తి పక్కకి వాల్చారు. దాని కింద మట్టి ఇంకా తడిగా, జిగటగా, నిన్ననే మెత్తినట్టు ఉంది. పెళ్ళాం తాపీ పెట్టబోయి ఆగిపోయింది.

"మేడం! గీతలున్నాయి."

నాలుగు వేళ్ళ గీతలు. మట్టిని ఎవరో అరచేత్తో సర్ది, వేళ్ళతో నున్నగా లాగారు. సరిగ్గా మేస్త్రి రోజూ లాగేటట్టే. ఇన్నాళ్ళూ తను మాట్లాడిస్తున్న మనిషి ఇప్పుడు చెయ్యి చాపినట్టయింది. ఆత్రంగా వంగి, ముట్టుకోకుండా, తన చెయ్యి వాటి మీదుగా గాలిలో పట్టి చూశాడు.

సరిపోలేదు. అతని మూడు వేళ్ళ మేరే ఉంది ఆ నాలుగు గీతల వెడల్పు.

"చిన్న చెయ్యి," అంది మేడం. "అమ్మా, మీ చెయ్యి పెట్టండి. తగలకుండా."

ఆవిడ చేతి మట్టి కొంగుకి తుడుచుకుని చాపింది. నాలుగు వేళ్ళూ నాలుగు గీతల మీద అచ్చంగా నిలబడ్డాయి.

ముందు తేరుకున్నది మేస్త్రే. "ఆఁ, మట్టి మెత్తింది ఎవరో ఆడమనిషై ఉంటుంది. వాడి పెళ్ళామో ఎవరో. మట్టి అందించడం, సర్దడం ఆడవాళ్ళ పనేగా. రాయి పెట్టింది వాడే."

"అయి ఉండొచ్చు," అంది మేడం. "ఎదిగీ ఎదగని కుర్రాడిదైనా కావచ్చు. చిన్న చెయ్యి అని మాత్రమే చెప్పగలం."

"ఇదిగో, ఇది చూడు," అంది పెళ్ళాం.

రాయి ఉన్న చోటికి పక్కనే, సందులో, చిన్న రాయి ఇంకా దిగి ఉంది. దాన్ని లోపలికి నొక్కిన బొటనవేలు పక్కనున్న మట్టిలో గుంట పెట్టింది. గోటి అంచు కూడా కనిపిస్తోంది, సన్నగా, నెలవంకలా. ఆవిడ తన బొటనవేలు దాని పక్కన ఆనించకుండా పట్టింది. అదీ సరిపోయింది.

మేస్త్రి ఆ చిన్న రాయిని చూస్తూ ఉండిపోయాడు. రాయి పెట్టినవాళ్ళే దూర్చే రాయి. ఇంకొకరి చేత పెట్టించని రాయి. ఎదిగీ ఎదగని కుర్రాడికైతే అసలే ఇవ్వరు. తను మెచ్చుకున్న వాలు, అతుకు మీద అతుకు పడని నేర్పు, ఇన్ని రోజులుగా ఓరి, ఏవయ్యా అని పిలిచిన పిలుపులు, అన్నీ ఒక్కసారి తిరిగొచ్చి మీద పడ్డాయి. పెళ్ళాం వైపు చూశాడు. ఆవిడ గీతల మీదనుంచి చెయ్యి తియ్యలేదు.

"ఫోటో, ఫోటో," అంది మేడం. బ్రేకు గబగబా తీశాడు. ఓ పెద్ద అల వచ్చి గట్టు అంచుని కొరికింది. గుంటకి ఆ చివర దారం కట్టిన మేకు ఊడి నీళ్ళలో పడింది.

"ఇంకొక్క రాయి. తొందరగా!"

మేస్త్రి పలుగు తీసుకున్నాడు. మళ్ళీ ఆగాడు. తర్వాత, ఏమనుకున్నాడో ఏమో, దాన్ని పెళ్ళాం ముందుకి చాపాడు. "నువ్వు ఎత్తు. నేను పట్టుకుంటా."

ఆవిడ పలుగు వైపు చూసింది, మొగుడి మొహం వైపు చూసింది. ఒక్కసారిగా ఆవిడకి ఒళ్ళు మండిపోయింది.

"భలే ఇచ్చావులే! ఇన్నేళ్ళు తట్ట మోయించి, తీరా ఇప్పుడు నాకు కూల్చే పని ఇస్తావా? నాకేం వద్దు. సోమవారం బడి ప్రహరీ గోడ మొదలెడుతున్నాం కదా, దాని మొదటి వరస నేను పెడతాను. నువ్వు మట్టి అందించు."

కుట్టుపని అక్కచెల్లెళ్ళు, బ్రేకు, గొడుగు పెద్దమనిషి, మేడం, అందరూ వింటున్నారు. మేస్త్రి మొహం మెడ దాకా ఎర్రబడింది.

"మట్టి కాదే," అన్నాడు మెల్లగా. "అక్కడ సిమెంటు."

"సిమెంటే అందించు."

అల మళ్ళీ వచ్చింది. ఈసారి నీళ్ళు గుంటలోకి దిగి, మట్టిలోని నాలుగు గీతల మీదుగా పారాయి.

"సరే," అన్నాడు మేస్త్రి. పలుగు రాయి కింద దూర్చి, భుజం ఆనించి, ఊపిరి బిగబట్టి ఎత్తాడు. ఆవిడ వంగి, కిందకి చూసింది.